పిల్లల కోసం అనకండి

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ముప్పై దాటిన వయసు, బడికెళ్ళే పిల్లో పిల్లాడో ఉన్నవాళ్ళు నలుగురు చేరితే మాట ఇప్పుడు షాద్‌నగర్ మీదకో సంగారెడ్డి మీదకో మళ్ళుతోంది. లేదంటే శంకర్‌పల్లి, చేవెళ్ళ, భువనగిరి. ఎవరు ఎక్కడ ఎన్ని గజాలు కొన్నారు, ఇల్లు ఎప్పుడు మొదలుపెడుతున్నారు, అక్కణ్ణుంచి ఔటర్ ఎక్కడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది. ఇవన్నీ అయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు, అంత దూరం ఎందుకురా అని. జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: "పిల్లల కోసం."

నా పేచీ ఆ రెండు మాటలతో. వెళ్ళడంతో నాకేం పేచీ లేదు. నేను ఉండేది షాద్‌నగర్‌లోనే, వెనక్కి వచ్చే ఆలోచన కూడా లేదు. నగరంలో దొరకని కొన్ని సుఖాలు ఇక్కడ నిజంగానే ఉన్నాయి. కానీ "పిల్లల కోసం" అన్న కారణం వినడానికి ఎంత పవిత్రంగా ఉంటుందో లోపల అంత మోసకారి. ఇంట్లో భార్యాభర్తల మధ్య, ఆఫీసులో మేనేజరుతో, ఊళ్ళో మునిసిపాలిటీతో జరగాల్సిన బేరాలన్నీ ఆ మాట దగ్గర ఆగిపోతున్నాయి. పిల్లల కోసం అన్నాక ఇంకేం మాట్లాడతాం? ఎదురు మాట్లాడినవాళ్ళు పిల్లలకి శత్రువులైపోతారు.

ఈ మాట మన తరం కనిపెట్టింది కూడా కాదు. ముప్పై నలభై ఏళ్ళ కిందట మన అమ్మానాన్నల్లో చాలామంది సరిగ్గా ఇదే మాట చెప్పి ఎదురు దిక్కుకి ప్రయాణం కట్టారు. పిల్లల చదువుల కోసం అని పల్లె వదిలారు. గుంటూరు, విజయవాడ, వరంగల్, హైదరాబాద్ చేరారు. పొలం వదల్లేని ఇళ్ళలో నాన్న ఊళ్ళో ఉండిపోతే, అమ్మ పిల్లల్ని తీసుకుని టౌన్‌లో రెండు గదుల పోర్షన్ అద్దెకి తీసుకుని, పదో తరగతి అయ్యేదాకా అక్కడే వండిపెట్టింది. ఆ తర్వాత ఇంటర్‌కి మనల్ని రెసిడెన్షియల్ కాలేజీల్లో పడేశారు. తెల్లవారుజామున స్టడీ అవర్, ఎప్పుడో ఒక ఔటింగ్, ఇంటికి ఫోన్ చెయ్యాలంటే వరస. అదీ పిల్లల కోసమే.

ఆ పిల్లలం పెద్దవాళ్ళమై ఇప్పుడు, నగరంలో మన పిల్లలకి బాల్యం లేకుండా పోతోందని బయటికి బయల్దేరాం. లోపలికి రావడానికీ అదే కారణం, బయటికి పోవడానికీ అదే కారణం. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా 'ట్రూ' అని చెప్పే ఫంక్షన్ రాస్తే మా ఆఫీసులో కోడ్ రివ్యూ దాటదు. అలాంటిదాన్ని కారణం అనరు. వేరే ఎందుకో తీసేసుకున్న నిర్ణయం మీద చివర్లో వేసే రబ్బరు స్టాంపు అది.

అసలు కారణం అందరికీ తెలుసు. గజం రేటు. కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో మూడు బెడ్‌రూముల ఫ్లాటుకి పెట్టే డబ్బుతో షాద్‌నగర్‌లో స్థలం కొని, ఇల్లు కట్టుకుని, ముందు మామిడి చెట్టు, వెనక కరివేపాకు మొక్క వేసుకోవచ్చు. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? జీతం మీద బతికేవాడు డబ్బు చూసుకోవడం పాపం కాదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలకి మెట్లెక్కే పని లేని ఇల్లు కావాలనుకోవడం, ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్ల కోసం కాచుక్కూర్చోవడం విసుగెత్తడం, ఇవన్నీ మంచి కారణాలే. ఏదైనా నోరు తెరిచి చెప్పొచ్చు. చెబితే ఒక లాభం కూడా ఉంది. డబ్బు అన్నాక లెక్క వస్తుంది. లెక్క వచ్చాక జమ పక్కన ఖర్చు కూడా రాయాల్సి వస్తుంది.

రాద్దాం. షాద్‌నగర్ నుంచి హైటెక్ సిటీ వైపు ఆఫీసుకి ఔటర్ మీదుగా రానూపోనూ 105 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకి 15 ఇచ్చే కారుకి రోజుకి 7 లీటర్ల పెట్రోలు. లీటరు 107 రూపాయల లెక్కన నెలకి 20 రోజులు తిరిగితే సుమారు 15 వేలు. టోలు, సర్వీసింగ్, టైర్లు వేరే. ఇంతవరకూ చాలామంది వేసుకుంటారు, ఈఎంఐ పక్కన రాసుకుంటారు కూడా. ఎవరూ రాసుకోని పద్దు ఇంకోటుంది. పొద్దున గంటన్నర, రాత్రి గంటన్నర, మొత్తం మూడు గంటలు. వారానికి 5 రోజులు, ఏడాదికి 48 వారాలు. 720 గంటలు. 24తో భాగిస్తే 30. ఏడాదికి ఒక నెల, రాత్రీ పగలూ కలిపి, స్టీరింగ్ వెనక. పాప ఒకటో తరగతిలో చేరి పదో తరగతి పరీక్షలు రాసేసరికి పది నెలలు.

"హైబ్రిడ్ ఉంది కదా, వారానికి మూడు రోజులేగా" అంటారు. మూడు రోజులైతే 432 గంటలు, అంటే 18 రోజులు. తగ్గింది, సంతోషం. కానీ ఆ మూడు రోజులు మూడు రోజులుగానే ఉంటాయన్న హామీ ఎవరిచ్చారు? 2020, 2021లో ఇంటి నుంచి పని ఇక శాశ్వతం అనుకుని స్థలాలు కొన్నవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. తర్వాత రెండు మూడేళ్ళలో కంపెనీలు ఒక్కొక్కటీ వెనక్కి పిలిచాయి. ఇల్లంటే ఇరవయ్యేళ్ళ అప్పు. హైబ్రిడ్ అంటే హెచ్‌ఆర్ వాళ్ళ ఒక ఈమెయిల్. ఆ ఈమెయిల్ మీద ఇంటి పునాది వెయ్యడం ఏ వాస్తుకీ పడదు.

అలోయిస్ స్టుట్సర్, బ్రూనో ఫ్రే అని ఇద్దరు స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు, జర్మనీ కుటుంబాల సర్వే వివరాల మీద పనిచేసి 2008లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఆర్థికశాస్త్రం పుస్తకం ప్రకారమైతే, రోజూ దూరం ప్రయాణించేవాడికి ఆ కష్టానికి సరిపడా చవక ఇల్లో మంచి జీతమో ముట్టాలి. ముట్టకపోతే వాడు ఆ పనికి దిగడు. వాళ్ళకి తేలిందేమిటంటే, ముట్టడం లేదని. ప్రయాణం ఎంత పెరిగితే, జీవితం ఎలా ఉందని అడిగినప్పుడు జనం చెప్పే తృప్తి అంత తగ్గింది. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. సైట్ విజిట్‌కి ఆదివారం పొద్దున వెళ్తాం. ఆ రోడ్డు సోమవారం ఎలా ఉంటుందో ఆదివారం కనపడదు.

ఇక ఆ నెల రోజులూ కారు నడిపేవాడు ఒక్కడే కడుతున్నాడనుకుంటే అదింకో భ్రమ. అతను రోడ్డు మీద ఉన్నంతసేపూ ఇంకొకరు ఇంట్లో ఉండాలి. జ్వరం వస్తే బడి నుంచి తీసుకురావడానికి, మోటారు కాలిపోతే మెకానిక్‌ని పిలవడానికి, అత్తగారి బీపీ చూడ్డానికి. నగరంలో ఉన్నప్పుడు ఇద్దరూ ఉద్యోగం చేసేవాళ్ళు. ఊరు మారాక ఇద్దర్లో ఒకరు పిల్లల బడికి పావుగంట దూరంలో ఉండక తప్పదు. ఆ ఒకరు ఎవరు? ఏ ఇంట్లోనూ ఆవిణ్ణి ఉద్యోగం మానెయ్యమని ఎవరూ అనరు. నాకు తెలిసిన ఇళ్ళలో జరిగే తీరు ఇదీ: మొదట ఒక ప్రమోషన్ వదులుకుంటుంది. తర్వాత రాత్రి షిఫ్టు ఉన్న ప్రాజెక్టు వద్దంటుంది. తర్వాత ఆరు నెలల బ్రేక్ తీసుకుంటుంది. రెండేళ్ళయ్యాక ఆ బ్రేక్ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎందుకు మానేశావంటే ఆవిడ కూడా అదే చెబుతుంది, పిల్లల కోసం అని.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ మీలో చాలామంది చదివే ఉంటారు. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒకావిడ తన పేరే మర్చిపోతుంది. ఆ కథని మెచ్చుకుని నలుగురికీ పంపిన మగవాళ్ళే, ఇంకా పెద్ద ఇల్లు, ఇంకా దూరంగా కట్టి, ఆవిణ్ణి అందులో వదిలి పొద్దున్నే ఔటర్ ఎక్కుతున్నారు.

మా ఇంట్లో ఏం చేశామో చెబుతాను, గొప్ప కోసం కాదు, సాధ్యమేనని చెప్పడానికి. ఆమె ఆఫీసుకి వెళ్ళే రోజులు వేరు, నేను వెళ్ళే రోజులు వేరు. ఇది కుదరడానికి ఇద్దరం నెల రోజులు కీచులాడుకున్నాం, ఇద్దరం మా మేనేజర్లతోనూ పడ్డాం. స్థలం కొనకముందే పడ్డాం. 'మనం వెళ్తున్నది డబ్బు కోసం' అని మొదటే ఒప్పుకోబట్టి ఆ కీచులాట సాధ్యమైంది. డబ్బు కాబట్టి నీ వంతెంత, నా వంతెంత అని అడగ్గలిగాం. అదే 'పాప కోసం' అని మొదలుపెట్టి ఉంటే మొదటి రోజే ఇద్దర్లో ఒకరు త్యాగం చేసేసి ఉండేవాళ్ళు. ఆ ఒకరు నేనై ఉండేవాణ్ణి కాదు.

సరే, పిల్లల సంగతే చూద్దాం. ఎవరి పేరు మీద ఇదంతా జరుగుతోందో వాళ్ళకి దక్కుతున్నదేమిటి? ఊళ్ళో ఉన్న బడి మనకి ఆనదు. పేరున్న బడి ఔటర్ వైపు ఉంటుంది. కాబట్టి ఆరేళ్ళ పిల్ల పొద్దున ఏడింటికి పసుప్పచ్చ బస్సెక్కుతుంది. నాన్నకో ప్రయాణం, పిల్లకో ప్రయాణం. సాయంత్రం వెంచర్ గేటు లోపల చిన్న పార్కు, ఒక జారుడు బల్ల, తనలాంటి నలుగురు పిల్లలు. నలుగురి నాన్నలూ చేసేది ఒకే రకం ఉద్యోగం. మణికొండ సందులో అపార్ట్‌మెంట్‌లో ఉన్నా కింద ఇస్త్రీ బండి అతని కొడుకో, కిరాణా కొట్టు పిల్లో స్నేహమయ్యేవాళ్ళు. ఇక్కడ ఊళ్ళోకి నడిస్తే అంతకన్నా ఎక్కువే ఉంది. షాద్‌నగర్ చౌరస్తా ఉంది, రైల్వే స్టేషన్ ఉంది, కొత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో పనికి ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చిన కుటుంబాలున్నాయి. మధ్యలో మన ప్రహరీ గోడ ఉంది.

ఇందులో చదివేవాళ్ళకీ రాసేవాళ్ళకీ, అంటే మనకి కూడా, కొంత వాటా ఉంది. వెంచర్ బ్రోచర్లు తీసి చూడండి. ప్రకృతి ఒడి, పల్లె వాతావరణం, మీ బాల్యాన్ని మీ పిల్లలకి కానుకివ్వండి. ఈ భాష రియల్ ఎస్టేట్ వాళ్ళు పుట్టించింది కాదు. వేపచెట్టు, చెరువుగట్టు, అమ్మమ్మ చేతి ముద్ద అంటూ కొన్ని దశాబ్దాలుగా మనం రాసి, చదివి, పంచుకున్న జ్ఞాపకాల వ్యాసాల నుంచి ఎత్తుకున్నదే. వాళ్ళు దాని కింద ఫోన్ నంబరు వేశారు, అంతే.

పాపం ఆ పుస్తకాలు రాసినవాళ్ళది తప్పనను. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'లో ఆకలి ఉంది, కులం ఉంది. మనం కృష్ణ ఒడ్డున గాలి ఒక్కటే జేబులో వేసుకొచ్చాం. వంశీ 'మా పసలపూడి కథలు' చదివి గోదావరి రుచులు చెప్పుకుంటాం గానీ అందులో చితికిపోయిన మనుషుల గురించి చెప్పుకోం. తెలంగాణ పల్లె ఎలా ఉండేదో దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'లో రాశారు. దొరలు, వెట్టి, భయం. అలాంటి నేల మీదే ఇవాళ 'విలేజ్' అని ఇంగ్లీషు పేరు పెట్టి గేటు కట్టి, పక్క ఊరివాణ్ణి సెక్యూరిటీ గార్డుగా నిలబెట్టి, లోపల పల్లె వాతావరణం ఉందంటున్నాం.

నేను చదివినంతలో తెలుగులో పల్లె కథలున్నాయి, నగరం కథలున్నాయి, అమెరికా కథలున్నాయి. ఔటర్‌కి అవతల ఇల్లు, ఇవతల ఉద్యోగం ఉన్న ఈ కుటుంబం కథ అరుదు. టౌన్ బాల్యం గురించి మాత్రం మంచి పుస్తకాలున్నాయి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' తీసుకోండి. నెల్లూరు జిల్లా బాల్యం. ఆ పిల్లాడి చుట్టూ లేమి ఉంది, ఇరుకు ఉంది, ఊరంతా కూడా ఉంది. మన పిల్లలకి లేమి లేదు, ఇరుకు లేదు. ఊరు కూడా లేదు.

ఊరు లేకపోవడమేమిటి, వచ్చిందే ఊరికి కదా అంటారా? వచ్చింది సర్వే నంబరుకి. షాద్‌నగర్ అనేది ఔటర్ నుంచి ఇన్ని నిమిషాల దూరంలో ఉన్న ఖాళీ జాగా కాదు. హైదరాబాద్ రాష్ట్రానికి మొదటి ఎన్నికైన ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు 1952లో గెలిచింది ఇక్కణ్ణుంచే. ఇక్కడివాళ్ళకి చాలాకాలంగా హైదరాబాద్‌తో రాకపోకలున్నాయి, ఆర్టీసీ బస్సులోనో, ప్యాసింజర్ రైల్లోనో. మనం వచ్చాం కాబట్టి గజం రేటు పెరిగింది. స్థలం ఉన్నవాడు అమ్ముకుని బాగుపడ్డాడు. లేనివాడు, అంటే మెకానిక్, టీచరు, కూరగాయలమ్మ, సొంత ఊళ్ళో ఇల్లు కట్టుకోలేని స్థితికి వచ్చాడు. మన పిల్లల కోసం అన్నప్పుడు వాళ్ళ పిల్లలు లెక్కలోకి రారు.

మనల్నిక్కడికి తెచ్చిన రోడ్డే చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు. దాని మీదకి బైకులకి అనుమతి లేదు. అంటే ఊళ్ళో సగంమంది దగ్గరున్న బండి ఆ రోడ్డెక్కడానికి పనికిరాదు. కారున్నవాడికే దూరం తగ్గింది. అదే సమయంలో రైలు సంగతి ఏమయిందో చూడండి. ఎంఎంటీఎస్ 2003లో మొదలైంది. ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ దాకా పొడిగింపు వచ్చింది 2023 ఏప్రిల్‌లో. సరిగ్గా అదే రోజు సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల మేర వేసిన రెండో లైనుని, విద్యుదీకరణతో సహా, జాతికి అంకితం చేశారు. షాద్‌నగర్ ఆ లైను మీదే ఉంది. ఉందానగర్ దాటాక అదే పట్టా, అదే కరెంటు తీగ. ఆ పొడిగింపు మాత్రం షాద్‌నగర్ దాకా రాలేదు. ముంబైలో కల్యాణ్, విరార్ లాంటి ఊళ్ళు లోకల్ రైలు పట్టుకుని పెరిగాయి. ఆ పెట్టెల్లో ఊపిరాడదు, నిజమే. అయినా బ్యాంకు ఆఫీసరూ పూలమ్మే ఆవిడా ఒకే రైలుకి పరిగెత్తుతారు. రైలు ఆలస్యమైతే ఇద్దరూ కలిసే తిడతారు.

మన వెంచర్ వాట్సాప్ గ్రూపుల్లో ఫ్లైఓవర్ గురించి గంటలు గంటలు చర్చ జరుగుతుంది. రైలు కోసం వినతిపత్రం ఉంది, సంతకం పెట్టండంటే నిశ్శబ్దం. చదువుంది, భాష వచ్చు, ఆఫీసర్లతో మాట్లాడటం వచ్చు, ఆర్‌టీఐ పెట్టడం వచ్చు. ఊరికి పనికొచ్చే ఈ సరుకంతా ఔటర్ ఎంట్రీ దగ్గర ఇంకో టోలు బూత్ కోసం వాడుతున్నాం.

ఈ పత్రిక చదివేవాళ్ళు కాబట్టి ఒక చిన్న విషయం చెప్పి ముగిస్తాను. మీరు ఎక్కడ ఇల్లు కట్టుకున్నా ఇంటి పన్నులో ప్రతి రూపాయి మీదా 8 పైసలు గ్రంథాలయ పన్ను కడతారు. రసీదులో ఉంటుంది, చూడండి. 1960 నాటి చట్టం. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరిందా, చేరితే మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఏం కొన్నారు అని అడిగే హక్కు మీకుంది. నలుగురు వెళ్ళి అడిగితే జవాబు చెప్పి తీరాలి. అక్కడ పోటీ పరీక్షలకి చదువుకునే కుర్రాళ్ళుంటారు, పేపరు చదివే పెద్దాయనలుంటారు. ఆదివారం పిల్లని వెంటబెట్టుకుని నడిచి వెళ్ళండి. ఊరంటే ఏమిటో ఆ పిల్లకి వెంచర్ పార్కులో కన్నా అక్కడ త్వరగా అర్థమవుతుంది.

కాబట్టి వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. వెళ్ళేముందు మాత్రం డబ్బు కోసం అని ఒకరితో ఒకరు అనుకోండి. ఎవరు ఎన్ని రోజులు రోడ్డు మీద ఉంటారో, ఎవరి ఉద్యోగం పోకూడదో అడ్వాన్స్ ఇవ్వకముందే కాయితం మీద రాసుకోండి. పిల్ల తనంతట తాను నడిచి వెళ్ళగలిగే చోట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఆ రిజిస్ట్రేషన్ దస్తావేజు కూడా ఒకసారి పూర్తిగా చదవండి. సర్వే నంబరు, గజాలు, నాలుగు వైపులా సరిహద్దులు, రేటు, కొనేవారు, అమ్మేవారు. పిల్లల కోసం అని అందులో ఎక్కడా ఉండదు. ఈ మొత్తం వ్యవహారంలో నిజం చెబుతున్నది ఆ కాయితం ఒక్కటే.